వాల్వు మీద బొట్టు

కొత్త పవర్ స్ప్రేయర్‌తో త్రిమూర్తులు ముందు ఉత్త నీళ్లు కొట్టి చూసుకున్నాడు. చేలో బురదలో తన నడకకు ఎకరానికి ఎంత పడుతుందో కొలిచి, కావలసినంతే పడే చోటికి వాల్వు తిప్పి ఆపాడు. ఆ చోట ఆకురాయితో గీత గీసుకోమన్నాడు పాలకొల్లు మెకానిక్.

"కొత్త మెషీన్ మీద గీతలేంటండీ" అని త్రిమూర్తులు కుంకుమ తడిపి వాల్వు మీదొకటి, దానికెదురుగా గొట్టం మీదొకటి బొట్లు పెట్టాడు. బొట్టుకు బొట్టు ఎదురొస్తే కొలత కుదిరినట్టే.

దసరాకి అతని భార్య లోవలక్ష్మి మెషీన్‌ని శుభ్రంగా కడిగి, పసుపు రాసి, వాల్వు మీదా గొట్టం మీదా ముచ్చటగా కొత్త బొట్లు పెట్టి పూజ చేసింది. మర్నాడే వరిలో రసం పీల్చే దోమ కనబడింది. త్రిమూర్తులు బొట్టుకు బొట్టు కలిపి మందు కొట్టాడు. సగం మందు మిగిలిపోతే అమ్మవారి చలవేనని సంబరపడ్డాడు కూడా.

పది రోజులు తిరక్కుండా దోమ చేనంతా సుడులు సుడులుగా మాడ్చేసింది.

"కడగమని నీకెవరు చెప్పారే" అని పెళ్లాం మీద విరుచుకుపడ్డాడు.

"బొట్టంటే దణ్ణం పెట్టుకునేదనుకున్నానండి. కొలత కోసమని నాతో ఒక్క ముక్క అన్నారా?"

త్రిమూర్తులు మెషీన్ భుజానికెత్తుకుని, మాడిన దుబ్బుల మధ్యే మళ్లీ ఉత్త నీళ్లు కొట్టుకుంటూ నడిచాడు. కొలత కుదిరిన చోట ఆకురాయితో కసిదీరా గీశాడు. ఈసారి గీత చెరిగేది కాదు. మందు కొట్టడానికి పైరే లేదు.