ఆరు మీటర్ల దూరం

శాలిబండలో రామ్‌చందర్ ఇంట్లో తెల్లారితే మొదటి పని బర్రెల పాలు పితకడం. ఇల్లు వాకిలికి ఇటు, బర్రెల పాక అటు. మధ్యలో పరిచిన షాబాద్ బండలకు దేన్నీ పట్టి ఆపే గుణం లేదు. అందుకని ఇంటిల్లిపాదీ పీట మీద కూర్చుని, గోడను ఒక్క తోపు తోసి, అవతలి గడప తగిలేదాకా సాగిపోయేవారు. డెబ్బై దాటిన తల్లి బాలమ్మ కూడా అంతే.

రామ్‌చందర్ భార్య యశోద సర్కారు ఆఫీసులో అటెండరు. ఇంటర్ పాసైతే జూనియర్ అసిస్టెంటు. ఫిజిక్స్ మాత్రం మూడుసార్లు ముంచింది. ద్రవ్యవేగ నిత్యత్వం పాఠం తీస్తేనే ఆమెకు ఒళ్లు మండేది. రెండు వస్తువులు ఎదురెదురుగా అంత జోరుగా వస్తుంటే, మొత్తం సున్నా ఎట్లా అవుతుంది? రాసినవాడికి మతి ఉందా?

నాలుగోసారి పరీక్ష రోజు, పాలు పితికి పీట మీద ఇంటివైపు వస్తోంది. ఎదురుగా ఎవరున్నారో చూడకుండా, రామ్‌చందర్ గడప దగ్గర నుంచి పాకకు పది కిలోల దాణా సంచి తోశాడు. అది వచ్చి ఆమె ఒళ్లో పడింది. పీట నడివాకిట్లో నిలిచిపోయింది. దిగి నడుద్దామంటే బండల మీద కాలు ఆనదు, తోసుకుందామంటే గోడ అందదు.

“కండ్లు యాడ పెట్టినవ్‌రా? పరీక్షకు టైమైతుంది దానికి!” బాలమ్మ లొల్లి మొదలుపెట్టింది.

“ఫికర్ చెయ్యకు యశోదా, తాడు తెస్త.”

“తాడొద్దు. జర ఆగయ్యా.”

యశోద సంచి వైపే చూస్తోంది. పీటతో కలిపి తను అరవై కిలోలు, సెకనుకు అర మీటరు. గుణిస్తే ముప్పై. సంచి పది కిలోలు, మూడు మీటర్లు. అదీ ముప్పై. కానీ అది ఎదురు దిక్కు, మైనస్. అందుకే ఆగిపోయింది! ఆ సున్నా ఇప్పుడు తన ఒళ్లోనే ఉంది. పట్టరాని సంతోషం కలిగింది ఆమెకు.

“అత్తమ్మా, గడప ఇక్కడికి ఆరు మీటర్ల దూరముంటది. పన్నెండు సెకన్లు లెక్కపెట్టు!”

వచ్చినంత జోరుతోనే సంచిని పాకవైపు విసిరింది. పీట కదిలింది. గడియారం చూస్తూ బాలమ్మ గట్టిగా లెక్కపెట్టింది. పన్నెండు అనేసరికి యశోద చెయ్యి గడపకు తగిలింది.

“మస్తు లెక్కనే!” అన్నాడు రామ్‌చందర్.

పరీక్ష హాల్లో మైనస్ గుర్తు పెట్టేటప్పుడు ఆమె చెయ్యి ఒక్కసారీ తడబడలేదు.

ఆర్నెల్లకు ప్రమోషన్ ఆర్డరు వచ్చింది. మొదటి రోజు, సారు గదిలో బెల్లు మోగింది. అలవాటు కొద్దీ లేవబోయి, యశోద మళ్లీ కుర్చీలో కూర్చుంది. ఆ బెల్లు ఇక తనకోసం కాదు.