పచ్చలైట్ల నాలుక

ఉయ్యూరు చుట్టుపక్కల బెల్లం వండేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, అచ్చు మీద వేలిముద్ర ఉండేది హనుమయ్య బెల్లానికే. పాకం దించి అచ్చుల్లో పోశాక ఆ విడతలోంచి ఓ పలుకు నోట్లో వేసుకుంటాడు. బాగుంటే ఆరీఆరని ప్రతి అచ్చు మీదా బొటనవేలు నొక్కుతాడు. చవుడు తగిలిన చేలో చెరకైతే బెల్లానికి ఉప్పదనం వస్తుంది. ఆ విడత మీద వేలు ఆనించడు, అది దాణాకి పోతుంది. విజయవాడలో టోకు వ్యాపారి ఖాజా మొహిద్దీన్‌కి షుగరు. ముప్ఫయ్యేళ్లుగా ఆయన రుచి చూసి కాదు, వేలిముద్ర చూసి కొంటున్నాడు.

ఆ హనుమయ్యకి తీపి తెలియడం మానేసి రెండేళ్లయింది.

జ్వరమొచ్చింది, తగ్గింది. తగ్గాక ఏ బెల్లం నోట్లో వేసుకున్నా ఉప్పగానే ఉంది. ఆ సంగతి పెళ్లాం రావమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇద్దరూ ఓ ఏర్పాటు చేసుకున్నారు. గరిటె కడిగే నెపంతో ముందు రావమ్మ నాకుతుంది. బాగుంటే కొంగు బొడ్లో దోపుతుంది, బాగోకపోతే దగ్గుతుంది. ఆ తర్వాత హనుమయ్య పలుకు నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, కాసేపు ఆలోచిస్తాడు. ఆడమనిషి కొంగు దోపుకుంటే పనికనుకుంటారు, దగ్గితే పొయ్యి పొగనుకుంటారు. రెండేళ్లలో ఎవరూ ఇంకోలా అనుకోలేదు.

ఈ చెరకు సీజను మొదట్లో ఖాజా మొహిద్దీన్ కూతురు ఆఫ్రీన్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ పిల్ల విజయవాడలో ఓ కాలేజీ ల్యాబులో రీసెర్చి చేస్తోంది.

"హనుమయ్యగారూ, మా అమ్మాయికి నాలుకలు కావాలంట."

"కోసిస్తే మళ్లీ మొలవదు కదండీ సాయిబుగారూ."

"అంతొద్దు తాతగారూ," అంది ఆఫ్రీన్. "నాలుక చివర ఎర్రటి బొడిపెలుంటాయి కదా, అందులో ఒక్కటి. ఆవగింజంత. మత్తిచ్చి డాక్టరుగారే తీస్తారు. తీపిని పట్టుకునే తాళంకప్పలు దాన్లో ఎన్నున్నాయో చూస్తాను."

"కంటికి కనపడతాయా?"

"కనపడవు. అందుకే యాంటీబాడీ తెప్పించాను. ఐసులో పెట్టి విదేశాల నుంచి పంపించారు, మొత్తం కలిపితే రెండు చుక్కలు. అదెలాంటిదంటే, ఒకే ఇంటి అడ్రసు తెలిసిన పోస్టుమేనండీ. ఆ ఇల్లుంటే గుమ్మం ముందు పచ్చలైటు పెట్టి కూర్చుంటాడు. లేకపోతే తిరిగెళ్లిపోతాడు."

హనుమయ్యకి పోస్టుమేను తిరిగెళ్లిపోతున్నట్టే కనిపించింది. "ఇప్పుడు వంట మధ్యలో ఉన్నామమ్మా. ఆనక చూద్దాం."

"అదేంటండీ!" అన్నాడు ఖాజా మొహిద్దీన్. "జిల్లాలో ఇలాంటి నాలుక లేదని వాళ్ల సారుకి నేనే చెప్పాను. మీరు రాకపోతే నా మాట ఏమైపోవాలి?"

రావమ్మ గరిటె కింద పెట్టింది. "వస్తాడు అన్నయ్యగారూ. నేనూ వస్తా. మామూలు నాలుకలు పనికొస్తాయా అమ్మాయ్?"

"పోల్చడానికి అవే కావాలి మామ్మగారూ."

ఇద్దరూ వెళ్లి చెరో ఆవగింజా ఇచ్చి వచ్చారు. మూడు వారాలపాటు హనుమయ్య సరిగా తినలేదు. తిన్నా తెలిసేది తక్కువే కాబట్టి పెద్ద నష్టం లేదని రావమ్మ అంది.

మూడు వారాలకి ఖాజా మొహిద్దీన్ ఓ ఫొటో లామినేషన్ చేయించుకుని మరీ వచ్చాడు. నల్లటి కాగితం మీద పచ్చటి చుక్కలు, దీపావళి నాటి వీధిలా.

"ఇది మీ నాలుకండీ! వచ్చిన ముప్ఫై మందిలో ఇన్ని లైట్లు ఎవరికీ లేవంట. నేను చెప్పలా?" అంటూ వంటపాకలో రాటకి మేకు కొట్టి తగిలించాడు. ఆపైన మర్యాదకి రావమ్మ వైపు తిరిగాడు. "ఏమనుకోకు చెల్లెమ్మా, నీది అంతంతమాత్రమేనంట. నాలుగైదు లైట్లు."

"పోన్లెండి అన్నయ్యగారూ. మా ఇంట్లో కరెంటు ఎప్పుడూ ఆయన పేరునే ఉంటుంది."

అప్పుడే పాకం దించారు. అచ్చులు పోశారు. రావమ్మ గరిటె నాకింది. హనుమయ్య పలుకు నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు. కొంగు కదిలిన చప్పుడు లేదు. దగ్గూ లేదు. ఒక కన్ను తెరిచాడు. రావమ్మ చేతులు కట్టుకుని ఫొటో చూస్తోంది.

"ఏమే," అన్నాడు మెల్లగా.

"నన్నెందుకయ్యా అడగడం? నావి నాలుగైదే. నీ దగ్గర ఊరంతా లైట్లున్నాయిగా. చూసి నొక్కు."

బెల్లం ఆరిపోతోంది. ఇంకాసేపుంటే ముద్ర పడదు. ఈ విడతకి చెరకు కొత్త చేనిది, కాలవ చివర చేను. హనుమయ్య బొటనవేలు అచ్చు మీదికి జానెడు ఎత్తులో నిలబడింది. ఖాజా మొహిద్దీన్ అప్పటికే బస్తాల కోసం ఆటో అతన్ని కేకేస్తున్నాడు.

హనుమయ్య వేలు వెనక్కి తీసుకున్నాడు.

"సాయిబుగారూ, నాకు తీపి తెలిసి రెండేళ్లయింది."

"ఫొటో ఉందిగా!"

"ఫొటోకి తెలుస్తుందేమో. నాకు తెలియదు. రెండేళ్లుగా మీరు కొన్నది దాని నాలుక." రావమ్మని చూపించాడు. "వేలు మాత్రం నాది."

ఖాజా మొహిద్దీన్ ఫొటో కేసి చూశాడు, రావమ్మ కేసి చూశాడు. ఆఫ్రీన్‌కి ఫోను కలిపి, స్పీకరు పెట్టి, సంగతంతా చెప్పాడు.

"పోస్టుమేను ఇల్లుందని చెప్తాడు అబ్బాజాన్," అంది ఆ పిల్ల. "ఇంట్లో మనుషులు పలుకుతారో లేదో చెప్పడు. అయ్యో, తాతగారిది ఇంకా మంచి కేసు! జ్వరానికి ఏం మాత్రలు వాడారో, ఇప్పుడు ఏం వాడుతున్నారో చీటీలన్నీ దాచమను, వచ్చి డాక్టరుగారికి చూపిస్తాను." ఆనందం పట్టలేక ఫోను పెట్టేసింది.



"ఇంతకీ ఇదెలా ఉందమ్మా?" అని అడిగాడు ఖాజా మొహిద్దీన్. ఈసారి రావమ్మ మొహంలోకి చూసి అడిగాడు.

రావమ్మ గరిటె మళ్లీ నాకింది. తొందరపడలేదు. కొంగు దోపలేదు, దగ్గలేదు.

"బాగుంది," అంది.

చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, ఒక్కో అచ్చు మీదా బొటనవేలు నొక్కుకుంటూ పోయింది. ముద్ర చిన్నది, కాస్త లోతుగా పడింది.

"దుకాణంలో అడుగుతారు, ముద్ర మారిందేంటని," అన్నాడు ఖాజా మొహిద్దీన్.

"వేలే మారింది, నాలుక పాతదేనని చెప్పండి," అని హనుమయ్య బస్తాలు తేవడానికి లేచాడు.