లేని పనిమనిషి

ఉల్లిపాయ వాసన ఒకసారి వేళ్ళకి పట్టిందంటే సబ్బుకి లొంగదు. నిమ్మతొక్కతో రుద్దాలి, చల్లటి నీళ్ళు పోసుకోవాలి, గోళ్ళ సందుల్లో పాత టూత్‌బ్రష్ పెట్టి తోమాలి. ఆమె సింకు దగ్గర నిలబడి ఆ పనే చేస్తోంది. పొయ్యి మీద కూర ఇంకా దగ్గరపడలేదు. బకెట్లో తడిబట్టలు అలాగే ఉన్నాయి. నేల సగమే తుడిచింది. గోడ గడియారంలో అయిదుకి ఇంకా పది నిమిషాలుంది.

"అమ్మాయ్, చేతులయ్యాయా?" హాల్లోంచి అత్తగారి గొంతు. "నిన్న నీ బొటనవేలు నల్లగా కనిపించింది. ఎదురింటావిడవి అసలే డేగ కళ్ళు."

"అయిపోయాయత్తయ్యా."

పొయ్యి కట్టేసి, ఉడకని కూర మీద మూత పెట్టి, చీర మార్చుకుని ఆమె హాల్లోకి పరిగెత్తింది. వీధివైపు పెద్ద కిటికీ తెర పక్కకి లాగి, దీపం వేసి, ఎత్తు వీపున్న కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. తీరికవేళ మొదలైంది.

ఆ రాజధానిలో ఎవరింట్లో ఎంతుందో బీరువా తెరిచి చూడరు. ఇల్లాలు ఏ పనీ చెయ్యకుండా ఎంతసేపు కూర్చోగలదో చూస్తారు. రోజూ అయిదు నుంచి ఆరు వరకు పరువున్న ప్రతి ఇంటి ఇల్లాలూ కిటికీలో ఖాళీ చేతులతో కూర్చోవాలి. పుస్తకం పట్టుకోకూడదు, అల్లిక పట్టుకోకూడదు, అవీ పనికిందే లెక్క. ఆఫీసుల నుంచి వచ్చేవాళ్ళు నడక తగ్గించి మరీ చూస్తారు. కింది వీధి ఇళ్ళకి కిటికీలు వెనకవైపే ఉంటాయి కాబట్టి అక్కడి ఆడవాళ్ళకి ఈ బెడద లేదు. పై వీధిలో అయితే పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట కూర్చోవాలి. వీళ్ళది మధ్య వీధి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్న సామెత ఎవరు పుట్టించారో గానీ, వాళ్ళు ఈ మధ్య వీధిలో కనీసం ఒక నెల అద్దెకుండి ఉంటారని ఆమె అనుమానం. కూర్చున్న గంటసేపూ నడుం కింద నొప్పి సన్నగా మెలిపెడుతుంది. మనసులో పనులు వరస కడతాయి. తీరిగ్గా కనిపించడానికి ఎంత కష్టపడాలో ఈ ఊరి ఆడవాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

కిటికీలో కూర్చునే ఇల్లాలుంటే, వెనక వంటింట్లో పనిమనిషి ఉండాలి కదా. వీళ్ళింట్లోనూ ఉంది, మాటల్లో. మూడేళ్ళ క్రితం ఆఫీసులో ఎవరో అడిగితే ఆమె భర్త నోటికొచ్చినట్టు అనేశాడు: "ఉందండీ, మా ఇంట్లోనే ఉంటుంది." ఆ క్షణాన పుట్టింది ఆ పనిమనిషి. గాలిలోంచి పుట్టింది కాబట్టి ఇల్లాలే నవ్వుతాలుకి దానికి గాలమ్మ అని పేరు పెట్టింది. అప్పట్లో నవ్వు వచ్చింది కూడా. తర్వాత గాలమ్మ పెరగడం మొదలుపెట్టింది. ఎవరికీ కనిపించదేమిటని అడిగితే సిగ్గెక్కువని చెప్పాడు. పిలిస్తే పలకదేమని అడిగితే చెవుడని చెప్పాడు. భోజనాల వేళ అతని క్యారియరు నలుగురూ పంచుకుని, "మీ పనిమనిషి చేతిలో ఏదో ఉందయ్యా" అనేవారు. అతను ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటూ ఆ మాటే చెప్పి నవ్వేవాడు. "ఇవాళ మన గాలమ్మకి భలే పేరొచ్చింది తెలుసా?" మూడేళ్ళలో ఒక్కసారి, ఒక్కసారైనా, కూర బాగుందని తన మొహం చూసి అన్నవాళ్ళు లేరు. మెప్పంతా వంటింటి గుమ్మం దాకా వచ్చి, లేని మనిషి దగ్గర ఆగిపోయేది.

అదైనా సరిపెట్టుకుంది. పోయిన చలికాలంలో ఆమెకి నాలుగు రోజులు జ్వరమొచ్చింది. జ్వరంతోనే అత్తగారికి గంజి కాచింది, బట్టలు ఉతికింది, అయిదింటికి కిటికీలోనూ కూర్చుంది. క్యారియరు కట్టే ఓపిక మాత్రం లేకపోయింది. ఎందుకు బయట రొట్టె తింటున్నావని ఆఫీసులో అడిగారట. "మా పనిమనిషికి ఒంట్లో బాగాలేదు, నాలుగు రోజులు సెలవిచ్చాను" అన్నాట్ట. ఎంత మంచి యజమానివయ్యా అన్నారట. అది కూడా ఇంటికొచ్చి మురిపెంగా చెప్పాడు. ఆమె తడిగుడ్డ నుదుటి మీదే పట్టుకుని విన్నది. గాలమ్మకి సెలవిచ్చాడు! ఆ రోజు నుంచి గాలమ్మంటే ఆమెకి నవ్వు రావడం మానేసింది. కడుపుమంట మొదలైంది. లేని మనిషి మీద అసూయ పడే దౌర్భాగ్యం పగవాళ్ళకి కూడా వద్దనుకుంది.

ఇప్పుడు పులి మీద పుట్రలా కుర్చీ ఒకటి ఖాళీ అయింది. ఆమె భర్త ఇళ్ళు కట్టి అమ్మే కంపెనీలో రెండో స్థానంలో ఉన్నాడు. మొదటి స్థానంలో ఉన్నాయన రిటైరయ్యాడు. ఆ కుర్చీ వస్తే పై వీధిలో ఇల్లు తీసుకుని తీరాలి, లేకపోతే కుర్చీకి అమర్యాద. ఆరు గదులు, రెండు పూటలా కిటికీ.

"అక్కడికెళ్ళాకైనా నిజంగా ఒక మనిషిని పెట్టుకుందామా?" అని ఆమె అడిగింది.

"అద్దెకే సగం జీతం పోతుంది. ఉన్న గాలమ్మ చాలదూ?" అన్నాడు నవ్వుతూ.

"నేను పడిపోతానండీ. నిజంగానే పడిపోతాను."

"పై వీధిలో ఆడవాళ్ళందరూ పడిపోతున్నారా ఏంటి? నువ్వే అన్నిటికీ పెద్ద ఇదిగా ఆలోచిస్తావు."

కుర్చీ ఇచ్చేది డైరెక్టరు. ఇప్పించేది డైరెక్టరు భార్య. ఆ ఊరి పద్ధతి ప్రకారం ఆవిడ ఒకపూట భోజనానికి వచ్చి, ఇల్లు చూసి, ఇల్లాలి చేతులు చూసి, సరేననాలి. ఆ పద్ధతికి ఇంకో తోక కూడా ఉంది. పెద్దింటివాళ్ళు వచ్చి ఇంట్లో ఏదైనా బాగుందంటే, దాన్ని రెండు చేతులా ఇచ్చెయ్యడం మర్యాద. అందుకే ఆదివారం పొద్దున భర్త గోడ మీద మంచి గడియారం దించి మంచం కింద దాచాడు, పింగాణీ సెట్టు బీరువాలో పెట్టి తాళం వేశాడు, నాలుగు దిండ్లకి పాత గలీబులు తొడిగించాడు. దాచాల్సినవన్నీ దాచాననుకున్నాడు. కూరని ఎవరు దాచుకుంటారు?

వంట ఆమె తెల్లవారుజామునే ముగించింది. అతిథి ఉన్నంతసేపూ వంటింట్లో గిన్నెల చప్పుడు చెయ్యడానికీ, గోడకున్న చిన్న కిటికీలోంచి పళ్ళేలు అందించడానికీ అత్తగారిని ఒప్పించారు. "ఈ వయసులో నాకీ వేషమేంట్రా?" అని ఆవిడ సణిగింది. సణుగుతూనే ఏప్రన్ కట్టుకుంది. ఎవరూ నేర్పకుండానే తలుపు వెనక, ఎవరికీ కనిపించని మూల చూసుకుని నిలబడింది.

డైరెక్టరమ్మ ఒంటిగంటకి వచ్చింది. బొద్దుగా, అలసటగా, మోకాళ్ళ నొప్పులున్న మనిషిలా నడుస్తూ వచ్చింది. కూర్చోగానే పద్ధతి ప్రకారం ఇల్లాలి చేతులు తన చేతుల్లోకి తీసుకుని తిప్పి చూసింది. నాలుగు రోజులుగా రాత్రుళ్ళు నూనె రాసుకుని తొడుగులు వేసుకున్న చేతులవి. "బాగున్నాయి" అంది. భర్త మొహంలో దీపం వెలిగింది. వంటింట్లో ఏదో గిన్నె అవసరానికి మించి మోగింది.

భోజనం మొదలైంది. పుట్టగొడుగుల కూర ఒక ముద్ద తిని ఆవిడ ఆగింది. ఇంకో ముద్ద తింది. మళ్ళీ వడ్డించుకుంది. భర్త కుర్చీ గురించి దారి తీస్తూ ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది. తింటున్న మనిషిని ఇంత దగ్గర్నుంచి ఇంత ఆశగా ఆమె ఎప్పుడూ చూడలేదు. ఈసారైనా నా మొహం చూసి చెప్పు తల్లీ, అనుకుంది.

"ఎంత బాగా చేసింది!" అంది డైరెక్టరమ్మ, చూపు వంటింటి తలుపు మీద పెట్టి. "ఇంత శ్రద్ధగా వండిన అన్నం తిని ఎన్నేళ్ళయిందో. మీ పనిమనిషే కదూ?"

"ఆవిడేనండీ" అన్నాడు భర్త, సంతోషం పట్టలేక.

"అయితే ఆవిణ్ణి నాకివ్వండి."

పలకరింపులా చాలా మామూలుగా అడిగింది. అతను ఆలోచించలేదు. ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాడు, పెద్దవాళ్ళు అడిగితే ఇవ్వడమే అలవాటు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు రెండు చేతులూ చాచి అనేశాడు. "అంతకంటేనా అమ్మగారూ! సోమవారం నుంచి పంపించేస్తాను."

అన్నాక గానీ తనేమన్నాడో అతనికి అర్థం కాలేదు. చాచిన చేతులు దించి భార్య వంక చూశాడు. ఆమె అతని వంక చూడలేదు. చూస్తే నవ్వుతానో అరుస్తానో తెలియక పళ్ళెంలోకి చూస్తూ కూర్చుంది. మనసులో మాత్రం ఒకటే మాట తిరుగుతోంది. ఇచ్చేశాడు. గడియారం దాచుకున్నాడు, దిండ్లు దాచుకున్నాడు, నన్ను ఇచ్చేశాడు.

"మీరు పంపించడం కాదు" అంది డైరెక్టరమ్మ. "ఆవిడ ఒప్పుకోవాలిగా? బలవంతాన తెచ్చుకున్న మనిషి వండితే ఉప్పే చెబుతుంది. నా మాటలుగా ఆవిడకి చెప్పండి. ఒక గది ఇస్తాను, లోపలి నుంచి గడియ పెట్టుకోవచ్చు. రాత్రి ఎనిమిది దాటాక ఎవరూ పిలవరు. ఆదివారం సెలవు. ఒంట్లో బాగా లేకపోతే పడుకోవచ్చు, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. జీతం మొదటి తారీకున ఆవిడ చేతికే. చాలదంటే ఇంకేం కావాలో అడగమనండి."

ఆమె ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయింది. ఇంకేం కావాలో అడగమనండి. పెళ్ళయి పదకొండేళ్ళు. నీకేం కావాలి అని తనని ఎవరు అడిగారు? పెళ్ళిచూపులనాడు అడగలేదు, ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజున అడగలేదు, జ్వరంతో గంజి కాచిన రోజున అడగలేదు. లేని మనిషిని అడుగుతున్నారు. లేని మనిషి ఇష్టాయిష్టాల కోసం ఇంత పెద్దావిడ భోజనం ఆపి ఎదురుచూస్తోంది.

"నేను కనుక్కుని వస్తానండీ" అని ఆమె లేచింది. భర్త కూడా చటుక్కున లేచి వెనకే వంటింట్లోకి వచ్చి తలుపు వేశాడు. నుదుటి మీద చెమట.

"విను, విను. రెండు నిమిషాలుండి బయటికెళ్ళు. ఆలోచించుకుంటానందని చెప్పు. వారం పోయాక చచ్చిపోయిందని నేను చెప్పేస్తాను. మనిషి పోతే ఎవరేం చేస్తారు?"

అత్తగారి చేతిలో పళ్ళెం ఆగింది.

"మీ నాన్నా అదే చెప్పారు" అంది.

ఇద్దరూ ఆవిడ వంక తిరిగారు.

"నా పనిమనిషికి కుంటికాలు. అందుకే బయటికి రాదని చెప్పేవారు. పద్దెనిమిదేళ్ళు ఉంది నా దగ్గర. ఒకసారి ఆయన పై ఆఫీసరు చూస్తానంటే, నిన్ననే పోయిందని చెప్పేశారు. వాళ్ళందరూ పాపం అన్నారు. ఒక నిమిషం మౌనంగా నిలబడ్డారట కూడా." ఆవిడ పళ్ళెం గట్టు మీద పెట్టింది. "నేను ఈ సింకు దగ్గరే నిలబడి ఏడ్చాను. ఎందుకేడుస్తున్నానో నాకే తెలియలేదు. తర్వాత గిన్నెలు తోమాను."

"అమ్మా, ఇప్పుడా ఈ గొడవ? బయట ఆవిడ కూర్చునుంది. నా కుర్చీ..."

"నీ కుర్చీ సంగతి నాకు తెలుసు. నోరు జారిందంటే అది పోతుందని కూడా తెలుసు." ఈ మాట కొడుకుతో అన్నా, ఆవిడ చూపు మాత్రం కోడలి మీదే ఉంది. ఏప్రన్ ముడి విప్పి దాన్ని మడతపెట్టి గట్టు మీద పెట్టింది. వెళ్ళమనలేదు, వద్దనలేదు. స్టూలు లాక్కుని కూర్చుని మోకాళ్ళు రుద్దుకోవడం మొదలుపెట్టింది.

ఆమె ఏప్రన్ అందుకుంది.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు భర్త. గొంతు పెంచలేడు, తలుపవతల డైరెక్టరమ్మ ఉంది. పదకొండేళ్ళలో మొదటిసారి అతను గుసగుసగా కోప్పడ్డాడు. "మతిపోయిందా? నాశనం చేస్తావు. అందరం రోడ్డున పడతాం."

పడతామేమో, అనుకుంది ఆమె. భయమెయ్యకపోలేదు. ఏప్రన్ ముడి రెండోసారి గానీ పడలేదు. కానీ ఇంకో వారానికి తను చచ్చిపోబోతోంది. తన చావుకి ఆఫీసులో నలుగురూ పాపం అంటారు, ఆ సాయంత్రం తను కిటికీలో కూర్చుని ఉంటుంది. దానికంటే రోడ్డే నయం.

తలుపు తీసుకుని బయటికి వచ్చి డైరెక్టరమ్మ ఎదురుగా నిలబడింది. ఆవిడ ఏప్రన్ వంక, మొహం వంక, మళ్ళీ ఏప్రన్ వంక చూసింది. వెనక గుమ్మంలో భర్త తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

"ఆవిడ మీ మాటలన్నీ విందండీ" అంది ఆమె. "ఆ కూర నేనే చేశాను. ఈ ఇంట్లో ఇంకెవరూ లేరు, ఎప్పుడూ లేరు."

డైరెక్టరమ్మ చెయ్యి తుడుచుకుంది. ఆమె చేతులు మళ్ళీ తన చేతుల్లోకి తీసుకుంది. ఈసారి తిప్పి చూడలేదు, ఊరికే పట్టుకుంది.

"మరి నేనడిగినదానికి ఏమంటావమ్మా?" అంది చివరికి, మెల్లగా.

ఆమె గుమ్మంవైపు తిరిగి భర్త మొహంలోకి చూస్తూ జవాబు చెప్పింది.

"గది, గడియ, ఆదివారం సెలవు, జ్వరమొస్తే పడుకోవడం. ఇవన్నీ ఈయన ఇస్తానంటే ఇక్కడే ఉంటాను. లేకపోతే సోమవారం నుంచి మీ ఇంటికి వస్తాను."