గరగర లేని రేడియో

మా ఆయనకు చావంటే భయం లేదు గానీ ఆదివారమంటే భయం పట్టుకుంది.

ఆ ఆదివారం సాయంత్రం ఆరున్నరకు ఆయన చెల్లెలు రేడియోలో ఆఖరిసారి మాట్లాడబోతోంది. ఆ స్టేషను ఎక్కడో సముద్రాల అవతల ఉంది. రోజూ అరగంటసేపు మన భాషలో వార్తలు వేస్తారు. చదివేది నా ఆడపడుచు. ఖర్చు దండగని పైవాళ్ళు ఆ అరగంటను నెలాఖరుకు ఎత్తేస్తున్నారు. ఆ సంగతి కూడా నెలన్నర కిందట తనే చదివింది, రేపు వాన పడొచ్చు అన్నంత మామూలుగా.

మాకూ ఆ పిల్లకూ పంతొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. కారణం చెబితే నవ్వుతారు. కుట్టు మిషను. మా అత్తగారు పోయాక ఆవిడ సామాన్లు సర్దుతుంటే, అమ్మ గుర్తుగా మిషను నేను తీసుకెళ్తానంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. “బొత్తాం కుట్టడం రాని చేతికి మిషనెందుకు? పైన పూలకుండీ పెట్టుకోడానికా?” అన్నాను, అంతమంది చుట్టాల ముందు. ఆ పిల్ల నాకేసి చూడనైనా లేదు. “నువ్వేమంటావన్నయ్యా?” అంది. అన్నయ్య నేలచూపులు చూశాడు. మర్నాడు పొద్దున్నే పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. తర్వాత మేం ఇల్లు మారాం, తను దేశమే మారింది.

నాలుగేళ్ళు గడిచాక ఒక సాయంత్రం ఈయన షార్ట్‌వేవ్‌లో మర తిప్పుతుంటే గరగరలోంచి ఆమె గొంతు వచ్చింది. ఆయన చెయ్యి మర మీదే ఆగిపోయింది. ఆనాటి నుంచి ఆరున్నరకు ఆయన ప్రపంచ వార్తలు వింటారు, నేను మిషను తొక్కుతాను. ఆయన ఎవరి గొంతు కోసం వింటున్నారో నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. ఇద్దరం ఆ ఊసెత్తలేదు. నేను నోరు విప్పితే “ఆ గరగర తగ్గించండి, తల వాచిపోతోంది” అనడానికే విప్పేదాన్ని.

ఆయన ముప్పయ్యేళ్ళు ఓడల్లో వైర్‌లెస్ ఆపరేటరుగా చేశారు. మనకు వట్టి చప్పుడు వినిపించే చోట ఆయనకు మనుషులు వినిపిస్తారు. నేను బియ్యంలో రాళ్ళేరినట్టు ఆయన గరగరలోంచి మాటలేరుతారు. విన్న వెంటనే రేడియో సెల్లు బయటికి తీసి రేకు డబ్బాలో పెట్టడం కూడా ఓడల నాటి అలవాటే. గుండెనొప్పి వచ్చిన రోజున ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దింపి ఆస్పత్రికి తీసుకెళ్ళాం. రేడియోలో సెల్లు తియ్యాలని నాకేం తోస్తుంది? ఇరవై రోజుల తర్వాత ఇంటికొచ్చి చూస్తే అవి కారిపోయి, లోపలంతా చిలుము పట్టి ఉంది. రేడియో నోరు పడిపోయింది. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని గోటితో కాసేపు గీకి, “పోన్లే, పాతదైపోయింది” అన్నారు. నన్ను ఒక్క మాటా అనలేదు. అనుంటే బాగుండేది.

ఆవేళ మంగళవారం. ఆదివారానికి అయిదు రోజులుంది.

ఇంకొక సంగతి ఉంది. అది ఆయనకు కూడా తెలియదు. ఆ అరగంట ఎత్తేస్తారని విన్న మర్నాడే నేను స్టేషనుకు ఉత్తరం రాశాను. చిరునామా నాకు నోటికొచ్చు, రోజూ చివర్లో తనే చెబుతుంది. ఆదివారాల్లో శ్రోతల ఉత్తరాలు చదువుతుంది. విదేశీ టపా నెల పైనే పడుతుందని పోస్టాఫీసు గుమాస్తా చెప్పాడు. అంటే సరిగ్గా ఆఖరి ఆదివారానికి అందుతుంది. ఉత్తరం మీద మా ఇంటి చిరునామా మాత్రం రాయలేదు. రాసి, జవాబు రాకపోతే, ఆ అవమానం పోస్టుమానుకు కూడా తెలిసిపోతుంది కదా. నా పొగరు అలాంటిది.

బుధవారం మధ్యాహ్నం యూనిఫారాలు కుట్టిన డబ్బులు పర్సులో వేసుకుని రేడియో కొనడానికి బయల్దేరాను. ఆయన మంచం మీంచే చెప్పారు. “షార్ట్‌వేవ్ ఉండాలి. ఏరియల్ పొడుగ్గా ఉండాలి. కొనేముందు సాయంత్రం పూట మోగించి చూడు.”

“సాయంత్రం దాకా కూర్చుంటే ఆ జాకెట్లకు కాజాలు మీరు కుడతారా?” అని చెప్పులేసుకున్నాను.

రెండు వీధుల అవతల రిపేరు షాపు ఉంది. బల్ల మీద విప్పేసిన ఫ్యాన్లు, సోల్డరింగ్ వాసన, పాత స్పీకర్లు. దాని వెనక గదిలోనే షాపాయన కాపురం. ఈ రోజుల్లో షార్ట్‌వేవ్ అడిగేవాళ్ళెవరా అన్నట్టు నన్ను ఎగాదిగా చూసి, నా దగ్గరున్న డబ్బుకు వచ్చేవి మూడు తీసి పెట్టాడు.

మొదటిదాంట్లో టార్చిలైటుంది, సైరనుంది, ఫోను ఛార్జింగుంది. “దీంట్లో రేడియో కూడా ఉందా నాయనా?” అన్నాను. నవ్వి పక్కన పెట్టేశాడు.

రెండోది నల్లగా, మొద్దుగా, ముల్లుతో తిరిగే పాతకాలపు సెట్టు. ఆన్ చెయ్యగానే మా ఇల్లు గుర్తొచ్చింది. అదే గరగర. పదిహేనేళ్ళుగా నేను కుట్టిన ప్రతి కుట్టులోనూ ఉన్న గరగర. నా మెడ నరాలు పట్టేశాయి.

మూడోది వెండి రంగులో, అరచేతిలో ఇమిడేంత ముద్దుగా ఉంది. ముల్లు లేదు, అంకెలు వెలుగుతాయి. ఒక స్టేషను నుంచి ఇంకోదానికి పోతుంటే మధ్యలో పిన్ను పడితే వినపడేంత నిశ్శబ్దం. షాపాయన దగ్గరి స్టేషనొకటి పెట్టాడు. మనిషి పక్కన కూర్చుని మాట్లాడినట్టుంది.

“ఇది గరగర రానివ్వదమ్మా. కానీ ఒక్కమాట, దూరం స్టేషన్లు సన్నగా వచ్చేటప్పుడు ఇదీ...”

“రానివ్వదు కదా? అదే నాకు కావలసింది,” అన్నాను.

“అది కాదమ్మా, మీరు ఏ స్టేషను...”

“బాబూ, ఇంట్లో పేషెంటున్నారు. నీ కబుర్లకు నాకు టైము లేదు. ప్యాక్ చెయ్యి.”

నల్లదాని కంటే వెండిది ఖరీదు ఎక్కువ. అయినా అదే తీసుకున్నాను. వీధిలో నడుస్తుంటే నా మీద నాకే ముచ్చటేసింది. ఇన్నేళ్ళూ గరగరలో పడి చెడిన ఆ పిల్ల గొంతు ఈసారి శుభ్రంగా, పక్కగదిలోంచి పిలిచినట్టు వినపడుతుంది. ఒకవేళ నా ఉత్తరం చదివితే ప్రతి అక్షరం అందుతుంది. ఆ ఆశతో రెండంతస్తుల మెట్లు ఆయాసం లేకుండా ఎక్కాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. “భలే ఉందే. నీకెవరు ఏరిపెట్టారు?”

“నేనే. ఎవరనుకున్నారు?”

ఆరున్నరకు ఏరియల్ లాగి, కిటికీ వైపు తిప్పి, అంకెలు నొక్కారు. నేను మిషను ముందు కూర్చుని, వెనక్కి తిరక్కుండా, చెవులు మాత్రం అక్కడే పెట్టాను. గదిలో ఏ చప్పుడూ లేదు. ఒక నిమిషం గడిచింది.

“నీ మిషను మోతలో సరిగ్గా తెలియట్లేదు. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటాను,” అన్నారు.

పెట్టుకున్నారు. కాసేపటికి తల ఊపారు. “వస్తోందా?” అన్నాను. “బ్రహ్మాండంగా,” అన్నారు.

గురువారం, శుక్రవారం, శనివారం కూడా అంతే. ఆరున్నరకు రెండు చెవుల్లో పెట్టుకుంటారు, కళ్ళు మూసుకుంటారు, ఏడింటికి తీసేసి సెల్లు డబ్బాలో వేస్తారు. “ఏమిటి వార్తలు?” అంటే, ఎక్కడో వరదలంటారు, ఎవరో మంత్రి రాజీనామా అంటారు. శనివారం నాడు ఆగలేక, “గొంతెలా ఉంది?” అన్నాను. పదిహేనేళ్ళలో ఆ ప్రశ్న వెయ్యడం అదే మొదలు. ఆయన నాకేసి చాలాసేపు చూశారు. “అలాగే ఉంది. చిన్నదానికి కాస్త జలుబు చేసినట్టుంది,” అన్నారు. నేను లోపలికెళ్ళి కొంగుతో మొహం తుడుచుకున్నాను.

ఆదివారం మిషను మీద గుడ్డ కప్పేశాను. ఆరున్నరకు ఆయన ఇయర్‌ఫోన్ పెట్టుకున్నారు. నేను మంచం పక్కన స్టూలు వేసుకుని గడియారం చూస్తూ కూర్చున్నాను. ఉత్తరాలు చదివేది చివరి పావుగంటలో. ఆరూ నలభై అయిదయ్యాక ఇక పంతం పక్కన పెట్టేశాను.

“ఏమండీ, ఒక చెవిది నాకివ్వండి.”

ఆయన కళ్ళు తెరిచారు. “ఇప్పుడా? అయిపోవచ్చిందిలే.”

“ఇవ్వండి.”

నేనే తీసి పెట్టుకున్నాను. ఏమీ లేదు. ఎక్కడో ఒక్కసారి ఎవరో ఊపిరి పీల్చినట్టు చిన్న అలికిడి, మళ్ళీ ఏమీ లేదు. సరిగ్గా పెట్టుకోలేదేమోనని నొక్కి చూశాను. తీసి తుడిచి మళ్ళీ పెట్టాను. అంకెలు మాత్రం చక్కగా వెలుగుతున్నాయి.

“ఎప్పట్నుంచి?” అన్నాను.

“మొదటిరోజు నుంచే. స్టేషను అక్కడే ఉందోయ్. సన్నగా వస్తోంది. సన్నగా వచ్చేదాన్ని ఇది గరగర అనుకుని నొక్కేస్తోంది.”

“మరి చెప్పరేం? వరదలన్నారు, జలుబన్నారు...”

“ఎప్పుడూ ఏవో వరదలుంటాయి కదా.” ఆయన నవ్వబోయి ఆగిపోయారు. “నువ్వు అది పట్టుకుని లోపలికొచ్చినప్పుడు నీ మొహం ఎలా వెలిగిపోయిందో నీకు తెలియదు. ఎన్నో ఏళ్ళకు చూశాను. పాడు చెయ్యబుద్ధి కాలేదు. నీకెలాగూ ఆ గొంతు పడదు కదా అనుకున్నాను.”

నాకు తల కొట్టేసినట్టయింది. నేను ఉత్తరం సంగతి చెప్పి ఉంటే ఆయన ఆ బుధవారమే నిజం చెప్పేవారు. అయిదు సాయంత్రాలు నా కోసం ఆయన వట్టి నిశ్శబ్దాన్ని విన్నారు.

చెప్పులు కూడా వేసుకోలేదు. వెండి రేడియో గుప్పిట్లో పట్టుకుని మెట్లు దిగి పరుగెత్తాను. అరవయ్యేళ్ళ మనిషి జుట్టు విరబోసుకుని పరుగెడుతుంటే వీధిలో జనం పక్కకు తప్పుకున్నారు. ఆదివారం కదా, షాపు మూసి ఉంది. వెనక తలుపు దబదబా బాదాను. షాపాయన చేతిలో కంచంతోనే వచ్చాడు. నా చేతిలో ఉన్నదాన్ని చూసి ఏమీ అడగలేదు. లోపలికెళ్ళి నల్లది తెచ్చి, సెల్లు వేసి ఇచ్చాడు.

“ఆ రోజు అదే చెప్పబోయానమ్మా.”

“తెలుసు నాయనా. చెప్పనివ్వలేదు,” అన్నాను.

మెట్లెక్కి గదిలోకొచ్చేసరికి గడియారంలో ఏడూ ఒక నిమిషం. ఆయన చేతులు చాచి అందుకున్నారు. ఏరియల్ లాగారు, అంకెలు లేవు, వేళ్ళతోనే మర తిప్పారు, గదంతా గరగర నిండింది. ఉన్నట్టుండి ఒకచోట ఆ గరగర తగ్గింది. మాట లేదు, పాట లేదు, చప్పుడు కాస్త అణిగిందంతే.

“ఇదిగో,” అన్నారు గుసగుసగా. “మాటలు అయిపోయాయి. అక్కడి యంత్రం ఇంకా ఆపలేదు, అందుకే గరగర అణిగింది. చిన్నది ఇంకా అక్కడే కూర్చుని ఉండొచ్చు.”

ఇద్దరం తలలు దగ్గర పెట్టి విన్నాం. ఆ అణిగిన చోట ఎవరో లేచి కుర్చీ జరుపుతున్నట్టు, కాగితాలు సర్దుతున్నట్టు నాకు అనిపించింది. నిజానికి అక్కడ ఏమీ లేదు. అర నిమిషం ఉందేమో. అంతలో గరగర భళ్ళున పైకి లేచింది.

“ఆపేశారు,” అన్నారాయన.

అప్పుడు చెప్పాను ఉత్తరం సంగతి. ఆయన మొహంలో రంగు పోయింది. “ఏం రాశావ్?”

“తప్పు నాదేనని రాశాను. మిషను నీదే, వచ్చి తీసుకెళ్ళమన్నాను. జవాబు రాయనక్కర్లేదు, నన్ను మన్నించినట్టయితే ఆఖరి ఆదివారం నాడు రేడియోలో వదినా అని ఒక్కసారి పిలవమన్నాను. చాలన్నాను.”

“మన చిరునామా?”

నేను తల అడ్డంగా ఊపాను. ఆయన అర్థం చేసుకుని కళ్ళు మూసుకున్నారు. “పిలిచే ఉంటుందే,” అన్నారు. ఆయన అబద్ధం చెప్పేటప్పుడు గొంతెలా ఉంటుందో ఆ అయిదు రోజుల్లో నేను నేర్చుకోలేకపోయాను. అందుకే అది నిజమో, నా కోసం అన్నారో ఇప్పటికీ తెలియదు.

పిలిచిందేమో. ఆరూ నలభై అయిదుకో, యాభైకో, అన్ని సముద్రాలు దాటి ఆ పిలుపు మా గదిలోకి వచ్చే ఉంటుంది. నేను ఎక్కువ ఖరీదు పెట్టి కొన్న నిశ్శబ్దం దాన్ని మింగేసింది. ఈ బాధకు ఎవర్నీ తిట్టడానికి లేదు. నేను చేతులారా ఏరి తెచ్చుకున్నది.

ఆయన అలవాటు ప్రకారం సెల్లు తియ్యడానికి రేడియోను బోర్లించారు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

“ఉండనివ్వండి,” అన్నాను. “కాసేపు మోగనివ్వండి.”