ఆకుపచ్చ బూడిద

మా ఆయన నాగేశ్వరరావు ఏలూరులో ఒక జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అటెండరుగా చేసేవారు. ఆయన పోయాక ఆ ఉద్యోగం నాకిచ్చారు. నాది కొల్లేటికోట. చీకట్లో బుట్టలో చెయ్యిపెట్టి అది ఏ చేపో చెప్పగలిగేదాన్ని గానీ, అక్షరం ముక్క రాదు. ల్యాబులో సీసాలను కూడా చేపల్లాగే గుర్తుపెట్టుకున్నాను. నీలంగా ఉంటే మైలుతుత్తం. మూత తీయగానే ముక్కు మండితే అమ్మోనియా. తెల్లవాటితోనే తంటా. పంచదారలా ఉండేవి నాలుగైదు ఉండేవి.

2004 జూన్‌లో కొత్త సరుకు వచ్చింది. పరీక్షల కోసం బీరువాలో విడిగా ఉంచే సీసాలు కడిగించి, ఏ పొట్లం ఏ సీసాలో పోయాలో మా కెమిస్ట్రీ కోదండరామయ్య మేస్టారు చెప్పి వెళ్ళారు. ఒకదాని దగ్గర మరిచిపోయాను. మళ్ళీ అడగడానికి సిగ్గేసింది. పంచదారలాంటి పొట్లం, పంచదారలాంటిది ఉండే సీసా. పోసేశాను.

ఆ తర్వాతి నెలలోనే మహీన్ నాకు అక్షరాలు దిద్దబెట్టడం మొదలుపెట్టింది. రెండో సంవత్సరం చదివే పిల్ల. వాళ్ళ నాన్న జాహిద్ గారు తివాచీలు నేస్తారు. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చుకుని ల్యాబు మెట్లమీద కూర్చునేది. నా వయసప్పుడు నలభై ఆరు. నేను రాసిన పలక చూసి పకపకా నవ్వేది.

"ఇదేంటండీ ఆంటీ, 'క'కి తలకట్టు పెట్టమంటే గొడుగు పట్టారు?"

"ఎండగా ఉంది కదే, పోనీలే."

దసరా నాటికి కూడబలుక్కుని చదవగలిగాను. అప్పుడు సీసాల పేర్లు చెప్పింది.

"ముందు లోహం పేరండీ. దానికి మార్పుండదు. తర్వాత రెండోది. క్లోరిన్ వచ్చి చేరిందనుకోండి, క్లోరైడ్ అయిపోద్ది. ఆక్సిజన్‌ని కూడా వెంటేసుకొస్తే చివర ఏట్ అని వస్తది. సల్ఫేట్, నైట్రేట్, అలాగ."

"ఇనుములో రెండు రకాలున్నాయంటారు కదా మేస్టారు?"

"అప్పుడు పక్కన రోమన్ అంకె వేస్తామండీ. రెండోదా, మూడోదా అని."

"మా ఊళ్ళో పెద్ద సత్తిబాబు, చిన్న సత్తిబాబు ఉన్నట్టు."

"అదేనండీ! ఇంక మీరే పాఠం చెప్పేయండి." తర్వాత నవ్వాపుకుని అంది. "పేరు చదివితే లోపలేముందో తెలిసిపోవాలండీ ఆంటీ. అందుకే ఇన్ని రూల్సు."

బీరువాలో సీసాల మీద ఇంగ్లీషు పేర్లు తను చదివింది. వాటి కింద తెలుగులో నేను రాసి అంటించాను. ముప్ఫై రెండు సీసాలు. మేస్టారు వచ్చిన వాళ్ళందరికీ చూపించేవారు. ఒక సీసా మీద మెగ్నీషియం సల్ఫేట్ అని రాశాను. జూన్‌లో పోసిన పొట్లం సంగతి నాకు గుర్తే రాలేదు.

ఫిబ్రవరిలో ప్రాక్టికల్ పరీక్షలు వచ్చాయి. పిల్లలకి తలా ఒక తెల్లపొట్లం ఇస్తారు. దాన్ని కాల్చి, కరిగించి, అందులో ఏముందో కనిపెట్టి పేరు రాయాలి. మా అటెండర్లలో కొందరు ఆ పేరు పిల్లల చెవిన వేసేవారు. నేనెప్పుడూ వేయలేదు. పుష్పమ్మ నిజాయితీ గల మనిషి అనేవారు మేస్టారు. నాకు చదవడం రాదు కాబట్టి వేయలేదు, అంతే.

ఆ ఏడు చదవడం వచ్చింది.

తాడేపల్లిగూడెం నుంచి హనుమంతరావు గారు పరీక్ష పెట్టడానికి వచ్చారు. ఆయన సీసాలు చూపిస్తే నేను పొట్లాలు కట్టి నంబర్లు వేశాను. మహీన్‌కి ఏడో నంబరు వచ్చింది. మొత్తం మీద తొమ్మిది వందలు దాటితే డిగ్రీకి పంపుతానని వాళ్ళ నాన్న మాటిచ్చారు. కెమిస్ట్రీ చదివి లెక్చరర్ కావాలని ఆ పిల్ల కోరిక. గంటన్నర అయ్యాక చూస్తే, పింగాణీ గిన్నెలోకి చూస్తూ కదలకుండా నిలబడి ఉంది. నీళ్ళ బకెట్టు పట్టుకుని పక్కకి వెళ్ళాను.

"మెగ్నీషియం సల్ఫేట్, తల్లీ."

ఉలిక్కిపడి చూసింది. "నాకు జింకు వచ్చిందండీ ఆంటీ. మళ్ళీ చేసినా అదే."

"సీసా మీద నా చేత్తో రాశాను కదే."

గిన్నెలోకి ఇంకోసారి చూసి, జింక్ అన్న మాట కొట్టేసి మెగ్నీషియం అని రాసింది.

అందరూ వెళ్ళాక గిన్నెలు కడగడానికి కూర్చున్నాను. ఏడో నంబరు గిన్నెలో చిటికెడు బూడిద ఉంది. ఆకుపచ్చగా ఉంది. కోబాల్టు చుక్క వేసి కాగితం కాలిస్తే మెగ్నీషియానికి గులాబీ రంగు, జింకుకి ఆకుపచ్చ. అక్షరాలు రాకముందు నుంచీ నాకు తెలిసిన సంగతే అది. జూన్‌లో పోసిన పొట్లం అప్పుడు గుర్తొచ్చింది. పక్క గదిలో హనుమంతరావు గారు ఇంకా మార్కులు వేస్తున్నారు. మార్కుల కవరుకి ఇంకా లక్క పడలేదు. లేచి పది అడుగులు వేస్తే చాలు.

బూడిద కడిగేశాను.

మహీన్‌కి ముప్ఫైకి ముప్ఫై వచ్చాయి. ఆ సీసాలోంచి ఆ పరీక్షల్లో తీసింది ఆ ఒక్క పొట్లమే. ఎవరికీ నష్టం లేదులే అనుకున్నాను. వేసవి అంతా అలాగే అనుకుంటూ ల్యాబు ఊడ్చాను.

జూన్‌లో మహీన్ టీసీ కోసం వచ్చింది. మొత్తం తొమ్మిది వందల పద్నాలుగు. ల్యాబు బల్ల మీదే డిగ్రీ దరఖాస్తు నింపుతూ కూర్చుంది. నేనిప్పుడు చదవగలను. చరిత్ర, ఎకనామిక్స్ అని రాసింది.

"కెమిస్ట్రీ ఏదే?"

"నాకు అది రాదండీ ఆంటీ."

"ముప్ఫైకి ముప్ఫై వస్తే?"

"అవి మీరు చెప్తే వచ్చినవి. నాకైతే రెండుసార్లూ ఆకుపచ్చే కనిపించింది. ఉన్నదేమో మెగ్నీషియం. ఏ తప్పు చేశానో ఎంత ఆలోచించినా తెలియలేదు. ఉన్నది చూడలేని దాన్ని, రేపు పిల్లలకేం చెప్తానండీ?"

నవ్వుతూనే అంది. లేచి బీరువా తీసి, ఆ సీసా తెచ్చాను. కాస్త నీళ్ళలో కరిగించి, వడకాగితం తడిపి, కోబాల్టు చుక్క వేసి, మంట మీద కాల్చాను. ఆ ఆకుపచ్చ బూడిద గిన్నెలో పెట్టి, తన ముందుకి జరిపాను.

మహీన్ చాలాసేపు చూసింది. ముందు ముఖం వెలిగింది. "అయితే నేను చేసింది కరెక్టే!" అని లేచి నిలబడింది. తర్వాత సీసా మీద నా అక్షరాలు చూసింది. నేను పొట్లం సంగతి చెప్పాను. అడగడానికి సిగ్గుపడి పోసేశానని చెప్పాను.

"మీకెప్పుడు తెలిసిందండీ?"

"పరీక్ష రోజే. గిన్నె కడుగుతుంటే."

ఆ పిల్ల వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, మే. దరఖాస్తులో చరిత్ర, ఎకనామిక్స్ కొట్టేసి కెమిస్ట్రీ అని రాసింది. సీసా మీది కాగితం గోటితో గీకి తీసేసింది. కొత్త కాగితం, పెన్నూ నా ముందు పెట్టింది.

"ముందు ఏది రాయాలండీ?"

"లోహం పేరు."

"ఏ లోహం?"

"జింక్" అన్నాను. రాశాను.

"మేస్టారికి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

నేనే చెప్పాను. చెవిన వేసిన మాట కూడా చెప్పాను. కోదండరామయ్య మేస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "కవర్లు ఎప్పుడో వెళ్ళిపోయాయి పుష్పమ్మా. ఇప్పుడు మార్కులేమీ మారవు. కానీ జరిగిందంతా నీ చేత్తో రాసివ్వు. ఫైల్లో ఉండాలి. పై వాళ్ళు ఏమంటారో తర్వాత చూద్దాం" అన్నారు.

అప్పటిదాకా నేను పేర్లే తప్ప పేజీ రాయలేదు. గంటన్నర పట్టింది. మహీన్ వెళ్ళిపోకుండా మెట్ల మీదే కూర్చుంది. అలవాటు కొద్దీ కాగితం తన చేతికిచ్చాను. ఎప్పుడూ నాలుగు తప్పులు పట్టుకుని నవ్వే పిల్ల, మొదటి నుంచి చివరిదాకా నిదానంగా చదివింది.

"తప్పులేమైనా ఉన్నాయా అమ్మా?"

"అక్షరాల్లో లేవండి" అని కాగితం తిరిగి ఇచ్చేసింది.