నేను పెట్టిన పదకొండు దొంగ బగ్గులు

ముందే ఒప్పేసుకుంటున్నా. నేను దొంగ బగ్గులు పెట్టాను. పదకొండు.

ఈ గోల తెలియనివాళ్ళకి చెప్తా. నేను టెస్టర్ని. వేరేవాళ్ళు రాసిన యాప్‌లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. దొరికిన తప్పుని బగ్ అని లిస్టులో ఎక్కిస్తా. రాసినవాళ్ళకి వాళ్ళ సిస్టమ్‌లో అది కనపడకపోతే, లేచి నా సీటు దగ్గరికొచ్చి "ఏదీ, చూపించు" అంటారు. ఆ ఒక్క ముక్క కోసమే ఇదంతా.

ఊరు కొత్త, గదిలో ఒక్కదాన్నే. ఆదివారం మంచాన్ని రెండుసార్లు అటూ ఇటూ జరుపుతా. చెప్పులేసుకుని వీధి చివరిదాకా వెళ్తా, ఏమీ కొనకుండా వచ్చేస్తా. ఒక సోమవారం లిఫ్టులో "నాలుగో ఫ్లోరండీ" అంటే గొంతు బొంగురుగా వచ్చింది. రెండు రోజుల్లో నేను పైకి అన్న మొదటి మాట అది.

ఆ రోజే మొదటిది పెట్టా. "సేవ్ బటన్ ఒక్కోసారి పనిచేయడం లేదు." ఒక్కోసారి అన్నాక ఎవరు మాత్రం కాదంటారు? పది నిమిషాల్లో అక్క వచ్చింది. మా టీమ్‌లో సీనియర్, అందరికీ అక్కే. బటన్ ఇరవైసార్లు నొక్కుతూ, వాళ్ళ పాపకి పన్ను ఊడిన కథ మొత్తం చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇక ఆగుతానా? మూడు వారాల్లో పదకొండు.

యాప్ విడుదలకి నాలుగు రోజుల ముందు, గురువారం, మా టీమ్ లీడ్ అందర్నీ నిలబెట్టాడు. "ఈ పదకొండూ తేలకుండా యాప్ బయటికి వెళ్ళదు. శనివారం అందరూ రావాలి."

అక్క మెల్లగా అంది. "శనివారం మా పాప స్కూల్లో నాటకం సార్. పర్లేదులే, వీడియో చూస్తా."

నిజం చెప్పనా? ముందు నాకు సంతోషమేసింది. శనివారం, రోజంతా, అందరూ! నోరు మూసుకుంటే చాలు. తెరిస్తే ఇక నా సీటు వైపు ఎవరూ రారు. కూర్చోలేక, నిలబడలేక, నీళ్ళ సీసా మూత పదిసార్లు తిప్పా.

"సార్, ఆ పదకొండూ లేవు."

"లేవంటే? సరైపోయాయా?"

"అసలెప్పుడూ లేవు. ఎవరైనా వస్తారని పెట్టా."

గళ్ళచొక్కా లేచాడు. రోజూ గళ్ళచొక్కాలే వేస్తాడు లెండి. "ఆ సేవ్ బటన్ కోసం మూడు రోజులు కూర్చుని కోడ్ తిరగరాశాను తల్లీ!"

ఒక్కళ్ళూ నవ్వలేదు. లీడ్ నుదురు రుద్దుకుని అన్నాడు. "నీ సీట్లో కూర్చుని వాటిని లిస్టులోంచి కొట్టేయడం కుదరదు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, వాళ్ళ ముందే కొట్టేసి రా."

వెళ్ళా. ఒకాయన తల కూడా తిప్పలేదు. గళ్ళచొక్కా మాత్రం "కూర్చో, నేను మార్చిందంతా మళ్ళీ టెస్ట్ చెయ్" అని రెండు గంటలు కదలనివ్వలేదు. తిడుతూనే ఉన్నాడు. చివరికి అక్క.

"ఒకటో రెండో దొంగవని నాకు అనుమానమే. మరీ పదకొండా, పిచ్చిమొహమా! రోజూ ఒంటిగంటకి భోజనానికి నీ ముందునుంచే వెళ్తాంగా. నేనూ వస్తా అనడానికేం?"

"రమ్మంటారో లేదో అని..."

"మేమేమో నువ్వే రావు, టెక్కు అనుకున్నాం."

మర్నాడు ఒంటిగంటకి లేచా, కూర్చున్నా, మళ్ళీ లేచా. "నేనూ వస్తా!" అన్నది ఎంత గట్టిగా వచ్చిందంటే సగం ఫ్లోర్ తిరిగి చూసింది. బల్ల దగ్గర ఖాళీ లేదు. గళ్ళచొక్కా నా మొహం చూడకుండానే పక్క కుర్చీలోంచి తన బ్యాగు తీసి కింద పెట్టాడు.

అతనికి కోపం ఇంకా పోలేదు. నాకు ఆదివారాలింకా కుదురుగా లేవు. కానీ ఒంటిగంటకి నేను ఆలస్యమైతే ఇప్పుడు ఎవరో ఒకరు అరుస్తున్నారు.

మరి మీరు? నలుగుర్లో కలవడానికి ఏ వేషం వేశారు? కింద రాయండి. తిట్టను, నాకా హక్కు ఎక్కడిది!