మోషే మాస్టారి ల్యాప్‌టాప్

కొమరోలు హైస్కూల్లో సోషల్ చెప్పే మోషేకు చూపు లేదు. పాఠాన్ని ల్యాప్‌టాప్ చదివి వినిపిస్తే, విని గుర్తుపెట్టుకుని మరునాడు క్లాసులో చెబుతాడు. పదకొండేళ్లుగా అలాగే జరిగింది. జూలైలో ఆ ల్యాప్‌టాప్ చెడిపోయింది. తెలిసినవాళ్లు ఇచ్చిన ఇంకో పాతది ఇంగ్లీషు చదువుతుంది గానీ, తెలుగు వచ్చేసరికి మూగబోతుంది. మూడు వారాలుగా స్టాఫ్‌రూములో ఖాళీగా ఉన్నవాళ్లను పాఠం చదివిపెట్టమని అడుగుతున్నాడు. ఎవరూ కాదనలేదు. చదివే గొంతులో తొందర మాత్రం అతనికి తెలిసిపోయేది.

ఒక ఆదివారం పొద్దున్నే బస్సెక్కి గిద్దలూరు వచ్చాడు. బస్టాండు దగ్గర జిరాక్సు దుకాణం నడిపే కోటిరత్నం అతనికి చాలాకాలంగా తెలుసు. స్కూలు ప్రశ్నపత్రాలన్నీ ఆమే టైపు చేస్తుంది.

"తెలుగు చదివే ప్రోగ్రాం ఊరికే దొరుకుతుందంట గదక్కా" అన్నాడు, ల్యాప్‌టాప్ ఆమె ముందు పెట్టి.

కోటిరత్నం కాసేపు వెతికింది. "దొరుకుతుంది సారు. కానీ రెడీగా పెట్టింది కొత్త మిషన్లకే. మీది పాత రకం. దీనికైతే సోర్స్ కోడ్ తెచ్చుకొని మనమే కంపైల్ చేసుకోవాల."

"అంటే ఏంది?"

"మన సైజు చొక్కా దొరక్కపోతే గుడ్డ దెచ్చి కుట్టించుకుంటాం గదా, అట్ల. కోడ్ రాసినోళ్లు దాన్ని అందరికీ ఇచ్చేసినారు. మన మిషన్‌కు సరిపడేటట్ల తయారు చేసుకునేది మన పని."

ఆమె ఆ పని ఎప్పుడూ చేయలేదు. అందుకే ముందు తన కంప్యూటర్లో చేసి చూసింది. సూచనలు చదువుకుంటూ ఒక్కో కమాండ్ ఇస్తే అరగంటకు పూర్తయింది. స్పీకర్లలో తెలుగు వినబడగానే మోషే ముఖం విప్పారింది. ఆమె ఆ ఫోల్డరంతా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి అతని ల్యాప్‌టాప్‌లో పెట్టి, అవే కమాండ్లు ఇచ్చింది. నిమిషంలో అయిపోయింది. తెరిస్తే, ఈ ఫైలు ఈ మిషన్‌లో నడవదని వచ్చింది.

సెట్టింగులు మార్చింది. కంపైల్ చేసిపెట్టే ప్రోగ్రాం కంపైలర్‌ను తీసేసి మళ్లీ వేసింది. మూడుసార్లూ అదే మాట. మధ్యాహ్నం రెండయింది. జిరాక్సుకు వచ్చినవాళ్లను తర్వాత రమ్మని పంపేసింది.

"ల్యాప్‌టాప్‌లోనే ఏదో ఉంది సారు. నాతో అయ్యేటట్ల లేదు" అంది చివరికి.

మోషే చేత్తో ల్యాప్‌టాప్ అంచు తడిమాడు.

"ఒకటి అడుగుతానక్కా. నీ మిషన్ కొత్తది. దాంట్లో అరగంట పట్టింది. నాది ముసలిది గదా, ఇది నిమిషంలో ఎట్ల చేసింది?"

కోటిరత్నం కుర్చీ ముందుకు లాక్కుంది. ఫోల్డర్ తెరిచి ఫైళ్ల పక్కనున్న టైము చూసింది. అన్నీ పొద్దున పదకొండుకు, తన కంప్యూటర్లో తయారైనవే.

"ఇక్కడ కంపైలే కాలేదు సారు. నా మిషన్‌లో అయిన ముక్కల్నే మోసుకొచ్చి పెట్టినా. అన్నీ ఉన్నాయి గదా అని ఇది పని చేయకుండా ఊరుకునింది."

అన్నీ తుడిచేసి సోర్స్ కోడ్ ఒక్కటే మళ్లీ ఎక్కించి మొదలుపెట్టింది. ఈసారి వరసలు నింపాదిగా కదిలాయి. ఫ్యాను రొద పెట్టింది. గంటా ఇరవై నిమిషాలు పట్టింది. ఆమె నదుల పాఠం తెరిచి మీట నొక్కింది.

"కృష్ణా నదికి ఉపనదులు తుంగభద్ర, భీమ..." అంటూ ల్యాప్‌టాప్ తెలుగు చదివింది.

మోషే ల్యాప్‌టాప్ దగ్గరికి వంగి విన్నాడు. మళ్లీ మొదటి నుంచి పెట్టించుకుని విన్నాడు. జేబురుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"దీని గొంతు బండగా ఉంది సారు."

"ఉండనీలేక్కా. మాట తెలుస్తుంది, చాలు."

అక్కడి నుంచే భార్య గురమ్మకు ఫోన్ చేశాడు. "చదువుతుందిమే. రేపు ఎవర్నీ అడిగే పన్లేదు" అన్నాడు. ఆ తర్వాత కొంతసేపు అవతలి మాటలు వింటూ నవ్వుతూ కూర్చున్నాడు.

"ఫోన్‌కు కూడా తయారు చేయొచ్చు సారు. అది ఇంకో రకం మిషన్. వచ్చే ఆదివారం రాండి, చూద్దాం" అంది కోటిరత్నం. ఆమెకిప్పుడు ఆ పని భయంగా లేదు.

అతన్ని కొమరోలు బస్సెక్కించి వచ్చి, ప్రోగ్రాం రాసినవాళ్ల ఇంటర్నెట్ పేజీలో నాలుగు వాక్యాలు రాసింది: ఒక మిషన్‌లో తయారైన ముక్కల్ని ఇంకో రకం మిషన్‌కు మోసుకెళ్లకండి, సోర్స్ ఒక్కటే తీసుకెళ్లండి అని. అప్పుడు క్యారియర్ తెరిచింది. పప్పన్నం చల్లారిపోయి ఉంది. ఆకలి మీద కమ్మగా తినింది.